స్కూబా డైవింగ్: లోతు గురించిన అపోహలు, వాస్తవాలు

అపోహ: వీపున మోసేది ఆక్సిజన్ సిలిండర్.
కాదు, మనం రోజూ పీల్చే గాలే. తేమ, నూనె తుంపర లేకుండా వడకట్టి, 200 బార్ (పీడనం కొలత) దాకా కుక్కి నింపుతారు. వట్టి ఆక్సిజన్‌తో 6 మీటర్లు దాటితే మూర్ఛ రావచ్చు.

అపోహ: సిలిండర్ నిండుగా ఉంటే గంటన్నర దిగుల్లేదు.
12 లీటర్ల సిలిండర్‌లో 200 బార్ అంటే 2400 లీటర్ల గాలి. 50 బార్ నిల్వ పక్కన పెడితే మిగిలేది 1800. నిమిషానికి 20 లీటర్లు పీల్చే మనిషికి ఒడ్డున అది 90 నిమిషాలు వస్తుంది. 20 మీటర్ల లోతులో పీడనం మూడు రెట్లు, కాబట్టి 30 నిమిషాలే. కంగారుపడి చేతులు ఆడిస్తే అదీ రాదు.

అపోహ: గండమంతా అడుగునే, పైకొచ్చేస్తే గట్టెక్కినట్టే.
అన్నిటికన్నా చెడ్డ అపోహ ఇదే. 40 మీటర్ల నుంచి 30కి వస్తే ఊపిరితిత్తుల్లో గాలి పావు వంతు పెరుగుతుంది. అదే 10 మీటర్ల నుంచి పైకి వస్తే రెట్టింపవుతుంది. ఊపిరి బిగబట్టి వస్తే ఊపిరితిత్తి చిట్లేది ఈ ఆఖరి మీటర్లలోనే. ఈతకొలను లోతు కూడా అందుకు చాలు. సిలిండర్ గాలిని నోటికి అందించే రెగ్యులేటర్ జారిపోయినా సన్నగా బుడగలు వదులుతూనే ఉండాలి. నిమిషానికి 9 మీటర్లకు మించి పైకి రాకూడదు, 5 మీటర్ల దగ్గర 3 నిమిషాలు ఆగాలి.

అక్కడ ఆగలేక తేలిపోతున్నారంటే మునగడానికి ఒంటికి కట్టుకునే బరువులు చాలలేదన్నమాట. గాలి ఖర్చయ్యేసరికి సిలిండర్ 2 కిలోల పైగా తేలికపడుతుంది. అందుకే బరువులను 50 బార్ మిగిలినప్పుడే సరిచూసుకోవాలి. నీటి పైన బీసీడీ (గాలి నింపి తేలడానికి తొడుక్కునే జాకెట్) ఖాళీ చేసి నిటారుగా, మామూలు ఊపిరితో ఉంటే నీళ్లు కళ్ల దగ్గర ఆగాలి, ఊపిరి వదిలితే మునగాలి.

అపోహ: చెవినొప్పి కాసేపు ఓర్చుకుంటే సర్దుకుంటుంది.
కర్ణభేరి చిరుగుతుంది. మొదటి మీటరు నుంచే, నొప్పి మొదలవకముందే ముక్కు మూసి మెల్లగా ఊదాలి. చెవి తెరుచుకోకపోతే ఒక మీటరు పైకొచ్చి మళ్లీ ప్రయత్నించాలి. గట్టిగా ఊదితే లోపలి చెవి దెబ్బతింటుంది. జలుబుకు మాత్ర వేసుకుని దిగడం ఇంకో తెలివితక్కువ పని. మందు బలం నీళ్లలోనే తగ్గిపోతే, పైకి వచ్చేటప్పుడు గాలి చెవిలోనే చిక్కుకుంటుంది.

అపోహ: చూడదగ్గవన్నీ బాగా లోతులోనే.
ఎరుపు 5 మీటర్లకే వెలవెలబోతుంది, పగడాలకూ వెలుతురు కావాలి. బాలిలోని తులంబెన్‌లో లిబర్టీ ఓడ శిథిలం దగ్గరికి ఒడ్డు నుంచే నడిచి దిగొచ్చు, పైభాగం దాదాపు 5 మీటర్లలోనే ఉంటుంది. ఈజిప్టులో దహబ్ బ్లూ హోల్ అనే సముద్రపు గుంతలోని రాతి తోరణం మాత్రం 50 మీటర్లు దాటాకే. మామూలు గాలితో అక్కడ నైట్రోజన్ మత్తు కమ్ముతుంది, గేజ్ చూడాలన్న సంగతే గుర్తుండదు. అదే చోట పగడపు గోడ 20 మీటర్లలోపే ఉంది, హాయిగా చూసి రావచ్చు.

అపోహ: పొద్దున డైవ్ చేసి సాయంత్రం విమానమెక్కొచ్చు.
ఒంట్లో కరిగిన నైట్రోజన్ మెల్లగా బయటికి పోవాలి, ఒక్క డైవ్ అయితే కనీసం 12 గంటలు, వరుసగా చేస్తే 18 గంటలు ఆగాలి. ఎత్తైన కొండదారి ఎక్కడమూ విమానం లెక్కే.