పసుపు పేగుల దాకా వెళ్తుంది, మరి కణితి దాకా?

పసుపులోని కర్క్యుమిన్ గాజు పాత్రలో పెంచిన క్యాన్సర్ కణాలను ఆపుతుందన్న మాట అబద్ధం కాదు. చిక్కల్లా ఆ మాటను యథాతథంగా మనిషి ఒంటికి అన్వయించడంలోనే వస్తోంది.

ముందు కర్క్యుమిన్ అడ్డుకుంటుందని చెప్పే ఎన్ఎఫ్-కప్పా బి అనే ప్రోటీన్ సంగతి చూద్దాం. దీన్ని 1986లో రంజన్ సేన్, డేవిడ్ బాల్టిమోర్ గుర్తించారు. మామూలు వేళల్లో ఇది కణద్రవ్యంలో ఐకప్పా బి అనే మరో ప్రోటీన్ పట్టులో ఉంటుంది. సూక్ష్మజీవి చొరబడినా, పక్క కణం నుంచి టీఎన్ఎఫ్ అనే సంకేతం అందినా ఐకేకే అనే ఎంజైము చురుకవుతుంది. అది ఐకప్పా బిలో 32, 36 స్థానాల్లో ఉన్న సెరీన్ అనే అమైనో ఆమ్లాలకు ఫాస్ఫేట్ తగిలిస్తుంది. ఆ గుర్తు పడిన ఐకప్పా బిని ప్రోటియాజోమ్ అనే, ప్రోటీన్లను నరికే కణ యంత్రాంగం ముక్కలు చేస్తుంది. పట్టు వీడిన ఎన్ఎఫ్-కప్పా బి కేంద్రకంలోకి వెళ్ళి ఐఎల్-6, కాక్స్-2 వంటి వాపు జన్యువులను పనిలోకి దింపుతుంది. ఐకప్పా బి జన్యువునూ అదే నడుపుతుంది కనుక కాసేపటికి కొత్త ఐకప్పా బి తయారై దాన్ని మళ్ళీ కట్టేస్తుంది. చాలా కణితుల్లో ఈ కట్టడి సడలిపోయి ఉంటుంది. కణాన్ని చావనివ్వని బీసీఎల్-ఎక్స్ఎల్, విభజన జరిపించే సైక్లిన్ డి1 కూడా దీని అదుపులోవే. కణితికి ఇంతకంటే ఏం కావాలి?

కర్క్యుమిన్ ఈ దారిని ఐకేకే దగ్గర అడ్డుకుంటుందని 1990ల నుంచి పరిశోధనలు చెబుతున్నాయి. వాటిని జాగ్రత్తగా చదవాలి. కర్క్యుమిన్ తనంత తాను వెలుగు చిమ్ముతుంది, లోహాలను పట్టుకుంటుంది, సీరం (రక్తం గడ్డకట్టాక మిగిలే ద్రవం) లేని ద్రావణంలో శరీర ఉష్ణోగ్రత వద్ద అరగంటలో దాదాపు 90 శాతం విరిగిపోతుంది. ఈ గుణాల వల్ల పరీక్ష ఫలితమే తప్పుదారి పట్టవచ్చు. ఈ రంగంలో పేరున్న కొన్ని పత్రాలను జర్నళ్ళు తర్వాత వెనక్కి తీసుకున్నాయి కూడా.

అసలు అడ్డంకి మోతాదు. కణాలపై ప్రయోగాల్లో సాధారణంగా వాడేది 10 నుంచి 50 మైక్రోమోలార్ (ద్రవంలో మందు గాఢతకు కొలత). 2001లో ప్రచురితమైన ఒక పరీక్షలో మనుషులకు రోజుకు 8 గ్రాముల కర్క్యుమిన్ ఇచ్చినా రక్తంలో గరిష్ఠంగా కనిపించింది సుమారు 1.8 మైక్రోమోలారే. పేగు గోడ, కాలేయం దానికి గ్లూక్యురోనైడ్, సల్ఫేట్ అనే రసాయన గుంపులు తగిలించి బయటికి పంపేస్తాయి. మామూలు పసుపులో కర్క్యుమిన్ మూడు శాతం అనుకుంటే, 8 గ్రాములకు దాదాపు 270 గ్రాముల పసుపు పొడి కావాలి. కూరలో వేసే చెంచాడు పసుపులో ఉండేది 90 మిల్లీగ్రాములకు అటూ ఇటూ.

పేగుల కథ వేరు. అక్కడికి చేరడానికి రక్తంలో కలవాల్సిన పనే లేదు. రోజుకు 3.6 గ్రాములు మింగినవారి పెద్దపేగు కణజాలంలో కర్క్యుమిన్ చెప్పుకోదగ్గ స్థాయిలో దొరికింది. 2015లో అల్సరేటివ్ కొలైటిస్ (పెద్దపేగులో వాపు, పుళ్ళు వచ్చే జబ్బు) ఉన్న 50 మందిపై ఒక పరీక్ష జరిగింది. ఆ జబ్బుకు వాడే మెసాలమైన్ మందుతో పాటు రోజుకు 3 గ్రాముల కర్క్యుమిన్ తీసుకున్న 26 మందిలో 14 మందికి నాలుగు వారాల్లో జబ్బు నెమ్మదించింది; ఉత్తుత్తి మాత్ర తీసుకున్న 24 మందిలో ఒక్కరికీ నెమ్మదించలేదు. చిన్న పరీక్షే అయినా కొట్టిపారేయదగింది కాదు. అయితే వంశపారంపర్యంగా పేగుల్లో పాలిప్‌లు (క్యాన్సర్‌గా మారగల చిన్న బుడిపెలు) వచ్చేవారికి ఏడాదిపాటు అదే 3 గ్రాములు ఇచ్చి చూస్తే పాలిప్‌లు తగ్గలేదని 2018లో తేలింది. మందు చేరిన చోట కూడా వాపును తగ్గించడం, కణితిని ఆపడం ఒకటి కావు.

మిరియాల్లోని పైపరిన్ కలిపిన గుళికలు కర్క్యుమిన్ రక్తంలోకి సరిగా చేరకపోవడమనే సమస్యకు జవాబుగా వచ్చాయి. బెంగళూరులో జరిగిన 1998 నాటి అధ్యయనంలో 2 గ్రాముల కర్క్యుమిన్‌కు 20 మిల్లీగ్రాముల పైపరిన్ కలిపితే శరీరానికి అందేది 20 రెట్లు పెరిగింది. కానీ పైపరిన్ అడ్డుకునే సీవైపీ3ఏ4 ఎంజైమే అనేక కీమో మందులనూ విరగ్గొడుతుంది. అది మందగిస్తే ఆ మందులు ఒంట్లో ఎక్కువసేపు నిలిచి విషంగా మారవచ్చు. అందుకే కీమో నడుస్తున్నవారు ఇలాంటి గుళికల సీసాను వైద్యుడికి చూపించాకే మింగాలి. వంటలో వేసే పసుపు, మిరియాలతో సాధారణంగా ఈ ఇబ్బంది రాదు. ఈ గుళికల వల్ల కాలేయం దెబ్బతిన్న ఉదంతాలూ నమోదయ్యాయి. కళ్ళు పచ్చబడినా, మూత్రం ముదురు రంగులో వచ్చినా, ఒళ్ళంతా దురద పెట్టినా వెంటనే గుళికలు మానేసి, కాలేయం పనితీరు చూపే ఎల్ఎఫ్‌టీ రక్తపరీక్ష చేయించుకోవాలి.