ఆయువంతా అతుకులోనే

ఒడిశా తీరంలోని గోపాలపూర్ ఒడ్డున మన తెలుగు జాలరుల, అదే నోలియాల, కుట్టుపడవలు ఇప్పుడు అరుదైపోయాయి. ఒక్క మేకు కొట్టకుండా, పలకలకు చిల్లులు పెట్టి కొబ్బరితాడుతో కుట్టేవారు. కెరటం కొడితే పడవ విరగదు, కాస్త ఒంగి సర్దుకుంటుంది. కానీ తాడు నానుతుంది, ఒరుసుకుంటుంది. కుట్లు విప్పి మళ్లీ కుట్టుకోవాల్సిందే. పలక ఎంత గట్టిదైనా పడవ ఆయువు ఆ కుట్టులోనే ఉండేది. ప్రయాణికుల విమానం ఎన్నాళ్లు మన్నుతుందని ఎవరడిగినా నేను ముందు ఈ కుట్టు సంగతే చెబుతాను.

35,000 అడుగుల ఎత్తులో బయట గాలి పీడనం నేలమీద ఉన్నదాంట్లో పావు వంతే. మనకు ఊపిరాడాలంటే లోపల గాలిని నింపి ఉంచాలి. అప్పుడు విమానం గోడమీద చదరపు మీటరుకు 5 టన్నులకు పైగా బరువు పడుతుంది. పైకెళ్లిన ప్రతిసారీ ఆ గోడ రవ్వంత ఉబ్బుతుంది, దిగగానే తగ్గుతుంది. లోహం అలసిపోయేది ఈ ఉబ్బుల వల్లే. అందుకే విమానం వయసు చెప్పడానికి ఏళ్ల లెక్క ఒక్కటే చాలదు, ఎన్నిసార్లు ఎగిరిందో కూడా లెక్కపెట్టాలి.

1988 ఏప్రిల్ 28న హవాయి దీవుల్లో అలోహా ఎయిర్‌లైన్స్ బోయింగ్ 737 ఒకటి 24,000 అడుగుల ఎత్తున ఉండగా సుమారు 5.5 మీటర్ల పొడవున పైకప్పు ఊడి ఎగిరిపోయింది. ఒక ఎయిర్ హోస్టెస్ గాల్లో కలిసిపోయింది. మిగతా 94 మందితో పైలట్లు విమానాన్ని దించగలిగారు. అది దీవి నుంచి దీవికి చిన్నచిన్న దూరాలు తిరిగే విమానం. తయారీదారు 75,000 సార్లు ఎగరడానికని రూపొందిస్తే, అప్పటికే 89,680 సార్లు ఎగిరింది. పైగా ఎప్పుడూ ఉప్పుగాలే. కిటికీ ఊచలు మన కళ్లముందే పొరలు పొరలుగా రాలిపోవడం చూసే గోపాలపూర్ వాళ్లకు ఆ గాలి సంగతి వేరే చెప్పక్కర్లేదు. రేకుల అతుకుల్లో జిగురు వదిలేసింది, భారమంతా రేకుల్ని కలిపి బిగించే మేకుల్లాంటి రివెట్ల మీద పడింది, వాటి చిల్లుల దగ్గర పుట్టిన సన్నటి పగుళ్లు ఒకదానితో ఒకటి కలిశాయి. తనిఖీలు జరిగినా అవి దొరకలేదు. ఎక్కేటప్పుడు ఒక ప్రయాణికురాలు తలుపు దగ్గర పగులు చూసింది, ఎవరికీ చెప్పలేదు. ఆ ఒక్క మాట నన్ను ఇప్పటికీ కలచివేస్తుంది.

తప్పుగా వేసిన అతుకు ఇంకా ప్రమాదం. 1985లో జపాన్‌లో 520 మందిని బలిగొన్న బోయింగ్ 747కు ఏడేళ్ల ముందు తోక దగ్గర లోపలి గాలిని ఆపే పీడనపు గోడను తప్పుగా బాగుచేశారు. రెండు వరుసల రివెట్లు మోయాల్సిన భారం ఒక్క వరుస మీద పడింది.

ఇప్పుడు జాలరులు ఫైబర్ పడవలకు మారారు. విమానాలదీ అదే దారి: బోయింగ్ 787 బరువులో సగం కార్బన్ ఫైబర్ లాంటి మిశ్రమ పదార్థాలే. వాటికి తుప్పు బెడద లేదు, అలసట తక్కువ. అయితే సామాను బండి తగిలితే పైన సొట్టైనా పడకుండా లోపల పొరలు విడిపోవచ్చు. దాన్ని పట్టుకోవడానికి అల్ట్రాసౌండ్ యంత్రాలున్నాయి. వాటితోపాటు, చిన్న సుత్తితో అంగుళం అంగుళం తడుతూ చెవి ఒగ్గి వినే మెకానిక్కూ ఉన్నాడు. పొరలు కలిసున్నచోట శబ్దం ఖణేల్‌మంటుంది, విడిపోయినచోట మొద్దుగా పలుకుతుంది.