కట్ట కింద నీలం మరక

చిరంజీవులైన పిల్లలకు, తాతయ్య ఆశీస్సులు.

మీలో ఒక అమ్మాయి మొన్న నాకొక ప్రశ్న పంపింది. వాళ్ల ఊరి చెరువు దగ్గర ఎవరో డ్రోను ఎగరేసి, వేడిని చూసే కెమెరాతో ఫోటో తీశారట. పొలమంతా పసుపుగా, నారింజ రంగుగా ఉంటే కట్ట కింద ఒకచోట మాత్రం నీలం మరక పడిందట. "అక్కడ నీళ్లేమీ లేవు తాతయ్యా, ఉన్నదల్లా గడ్డే. మరి అది తడి నేల అని వాళ్లకెలా తెలిసింది? నేలకు ఆ రంగులు ఎక్కడివి?" అని అడిగింది.

రంగులు నేలవి కావమ్మా, మనుషులు వేసుకున్నవి. వేడి చోటికి పసుపు, చల్లటి చోటికి నీలం వేయమని కెమెరాకు ముందే చెప్పి ఉంచుతారు. కెమెరాకు నిజంగా అందేది రంగు కాదు, నేల నుంచి వచ్చే వేడి. రాయి, గడ్డి, గేదె, మీరు, నేను, అందరం రాత్రింబవళ్లు ఆ వేడిని కిరణాలుగా వదులుతూనే ఉంటాం. మన కంటికి కనబడదు, అంతే. 1800లో విలియం హెర్షెల్ అనే ఖగోళ శాస్త్రవేత్త ఎండను గాజు పట్టకం గుండా పంపి, విడివడిన ఒక్కొక్క రంగులో థర్మామీటరు పెట్టి చూశాడు. ఎరుపు దాటాక, ఏ రంగూ లేని చోట కూడా పాదరసం పైకి ఎక్కింది. వెలుగులో కంటికి అందని భాగం ఒకటుందని అలా బయటపడింది.

ఇక తడి సంగతి. ఎండాకాలం మధ్యాహ్నం ఇంటి ముందు రెండు మట్టి కుండలు పెట్టారనుకోండి, ఒకటి ఖాళీది, ఒకటి నీళ్లున్నది. ఖాళీ కుండను ముట్టుకుంటే చెయ్యి చురుక్కుమంటుంది. నీళ్ల కుండ ఒంటినిండా సన్నగా చెమరించి చల్లగా ఉంటుంది. దాని మీద పడిన ఎండలో చాలా భాగం ఆ చెమ్మను ఆవిరి చేయడానికే ఖర్చవుతుంది, కుండను కాల్చడానికి అంతగా మిగలదు. నేల కూడా కుండే. ఎండిన నేల ఖాళీ కుండ. లోపల నీరు నిలిచిన నేల చెమర్చే కుండ. పైన గడ్డి ఉన్నా అంతే, ఆ గడ్డి తన వేళ్లతో నీరు తాగి ఆకులతో ఆవిరి వదులుతూ చల్లబడుతుంది. కుండ అంచుదాకా నిండిందనుకోండి, ఇంకో చెంబెడు పోస్తే ఏమవుతుంది? పోసిందంతా పొర్లిపోతుంది. నీటితో నిండిన నేల మీద వాన పడినా అదే జరుగుతుంది, ఇంకడానికి చోటు లేక నీళ్లు నేరుగా వాగులోకి పరుగెడతాయి. అందుకే ఎక్కడెక్కడ కుండ నిండి ఉందో తెలుసుకోవాలని శాస్త్రవేత్తలకు అంత ఆరాటం. 1970లో అమెరికాలోని వెర్మాంట్ కొండల్లో చేసిన పరిశోధనను థామస్ డన్, తన సహచరుడు బ్లాక్‌తో కలిసి ప్రచురించాడు. వాన పడగానే వాగులోకి దూకే నీరు కొండంతటి నుంచీ రాదని, ఎక్కువ భాగం వాగు పక్కనున్న కాస్త తడి నేల నుంచే వస్తుందని అందులో చూపించారు.

ఆ తడి నేల ఒక్కచోట ఉండదు, వానలకు ఉబ్బుతుంది, ఎండలకు ముడుచుకుంటుంది. దాన్ని గీతగీసి చూపడమెలా? ఆ రోజుల్లో శాస్త్రవేత్తలు బూట్లు వేసుకుని కొండంతా తిరిగేవారు. అడుగు వేసినప్పుడు పచక్‌మంటే తడి, టక్‌మంటే పొడి. నిజంగానే ఇలా పటాలు గీశారు!

ఆ మాట చదివినప్పుడు నాకు మా ఊరి చెరువు నీళ్లను కనిపెట్టుకుని ఉండే నీరటి తాత గుర్తొచ్చాడు. చెరువు నిండిన కార్తీకంలో పొద్దున్నే కట్ట కింద చెప్పుల్లేకుండా నడిచేవాడు. నేను వెనకాలే వెళ్లేవాణ్ణి. ఎక్కడో ఆగి కాలి బొటనవేలితో గడ్డిని నొక్కేవాడు. వేలు చుట్టూ నీరు ఊరేది. వెంటనే వంగి ఆ నీటిని దోసిట్లోకి తీసుకుని వెలుతురులో చూసేవాడు. "తేట ఊట అయితే భయం లేదురా, బురద ఊట అయితే ఊరిని లేపాలి" అనేవాడు. తేట నీరు ఊరితే మామూలుగా కట్టకు అప్పటికప్పుడు ముప్పు ఉండదు. బురద వస్తోందంటే లోపల నీరు మట్టిని కోసుకుపోతోందని అర్థం, కట్టకే ముప్పు. ఆయన బడికి వెళ్లలేదు. కానీ ఇంజనీర్లు పుస్తకాల్లో చదువుకునే పాఠం ఆయనకు అరికాలితో తెలుసు. అలాంటి పెద్దలు మీ ఊళ్లో ఎవరైనా ఉంటే వాళ్ల పక్కన కాసేపు కూర్చోండి, అడగండి.

ఇప్పుడు ఆ అరికాలి పని కెమెరా చేస్తోంది. లక్సెంబర్గ్ అనే చిన్న దేశంలో వైయర్‌బాఖ్ అనే వాగు ఉంది. దానికి నీళ్లిచ్చే అడవి నూరెకరాలకు కాస్త పైన, అంతే. అక్కడి శాస్త్రవేత్తలు చేత్తో పట్టుకునే వేడి కెమెరాతో వాగు ఒడ్డును పదేపదే, ఒకే చోట నిలబడి ఫోటోలు తీశారు. ఏ చోటి నుంచి ఊట మొదలవుతుందో, విడివిడిగా ఉన్న తడి మడుగులు ఎప్పుడు ఒకదానితో ఒకటి కలిసి వాగును చేరుతాయో ఆ ఫోటోల్లో కనబడింది.

వాళ్ల ఫోటోల్లో ఇంకో వింత ఉంది. చలికాలంలో తడి నేల చల్లగా కాదు, చుట్టుపక్కల కంటే వెచ్చగా కనబడుతుంది. కుండ లెక్క ఇక్కడ తప్పిందని కంగారు పడకండి. లోపలి నీరు ఏడాది పొడవునా దాదాపు ఒకే వేడిలో ఉంటుంది. పైన గడ్డకట్టే చలి ఉన్నప్పుడు అదే నీరు వెచ్చన. పుష్యమాసంలో తెల్లవారుజామున బావి నీళ్లు తోడి పోసుకున్నవారికి ఇది చెప్పనక్కర్లేదు, బొక్కెనలోంచి సన్నగా ఆవిరి లేస్తుంది. ఒంటికి గోరువెచ్చగా తగులుతుంది. ఈ రెండు కాలాల నడుమ నేలా నీరూ ఒకే వేడికి వచ్చే వేళలుంటాయి. అప్పుడు కెమెరాకు రెండూ ఒకటే, తేడా తెలియదు.

కెమెరాకు మరో లోపమూ ఉంది. అది చూసేది పైపొరనే. నీటిలోకి మిల్లీమీటరులో పదోవంతు కూడా దిగి చూడలేదు. దట్టమైన ఆకులు అడ్డొస్తే ఆకుల వేడే కనిపిస్తుంది. చెట్టునీడ పడ్డ పొడి నేల కూడా చల్లగానే ఉండి, తడిలా మోసం చేస్తుంది. ఆకాశం నుంచి చూద్దామా అంటే, 2013లో పంపిన ల్యాండ్‌శాట్ 8 ఉపగ్రహం వేడిని కొలిచి తీసే ఫోటోలో ఒక్కొక్క చుక్క నేల మీద వంద మీటర్ల పొడవు, వంద మీటర్ల వెడల్పు. అంటే రెండున్నర ఎకరాలకు ఒకే రంగు. మన కట్ట కింద ఊట అందులో ఎక్కడో కలిసిపోతుంది. అందుకే ఫోటో ఎంత బాగా వచ్చినా ఎవరో ఒకరు వెళ్లి బొటనవేలితో నొక్కి చూడాల్సిందే.

మీ దగ్గర ఆ కెమెరా లేకపోయినా పరవాలేదు. పంట కాలువ గట్టునో, బడిలో కుళాయి నీళ్లు పారే చోటనో, ఎండ పడే జాగా చూసుకోండి. పెద్దవాళ్లను తోడు తీసుకెళ్లండి, గడ్డిలో పురుగూ పుట్రా ఉంటాయి. మధ్యాహ్నం మూడింటికి అరచేతి వెనుక భాగాన్ని నేలకు ఆనించి, జానెడు జానెడు జరుపుకుంటూ పోండి. చల్లదనం మొదలైన చోటల్లా ఒక పుల్ల గుచ్చండి. పుల్లల వరసను కాగితం మీద గీయండి. పదిహేను రోజులకు మళ్లీ వెళ్లి, అదే కాగితం మీద ఇంకో రంగు పెన్సిలుతో గీయండి. నడుమ వాన పడిందా లేదా అన్నది పక్కన రాయడం మరిచిపోవద్దు. ఆ కాగితం నాకు పంపండి, గీత ఎటు జరిగిందో చూడాలని నాకూ ఉంది.

మీ తాతయ్య