గోదావరి గట్టున అమెరికా పాముకు చలి ఎక్కడిది?

డిసెంబరులో ఒక రాత్రి మా మేనల్లుడు రాజమహేంద్రవరం నుంచి ఫోను చేశాడు. "మావయ్యా, దీన్ని ఫ్రిజ్జులో పెట్టమంటారా?" అన్నాడు. 'దీన్ని' అంటే వాడు రెండేళ్ళుగా పెంచుతున్న కార్న్ స్నేక్‌ను. చలికాలంలో ఈ పాములను 10 నుంచి 13 డిగ్రీల మధ్య రెండు మూడు నెలలు నిద్రపుచ్చాలని ఎక్కడో చదివాడట. మన గోదావరి జిల్లాల్లో అంత చలి ఫ్రిజ్జులో తప్ప ఎక్కడ దొరుకుతుంది? అక్కడ కూడా పెరుగు గిన్నె ఉండే అరలో 4, 5 డిగ్రీలే ఉంటాయి, అది మరీ ప్రమాదం. వెనక నుంచి మా అక్క అన్న మాటలు ఇక్కడ రాయలేను. ఫ్రిజ్జు మాట అలా ఉంచు, ఆఖరుసారి తిండి ఎప్పుడు పెట్టావని అడిగాను. మూడు రోజుల కిందట ఎలుకను పెట్టానన్నాడు. అయితే అసలు వద్దే వద్దన్నాను.

కార్న్ స్నేక్ అమెరికా ఆగ్నేయ ప్రాంతపు పాము. న్యూజెర్సీ నుంచి ఫ్లోరిడా దాకా అడవుల్లో, పొలాల్లో, పాడుబడిన కొట్టాల్లో తిరుగుతుంది. స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్ దీనికి 1766లో శాస్త్రీయ నామం పెట్టాడు. ఎలుకల కోసం మొక్కజొన్న గాదెల చుట్టూ చేరుతుందని 'కార్న్' (మొక్కజొన్న) అనే పేరు వచ్చిందని కొందరు, పొట్ట మీది గళ్ళు రంగురంగుల మొక్కజొన్న గింజల్లా ఉంటాయని కొందరు అంటారు. విషం లేదు. నారింజ రంగు ఒంటి మీద ఎర్రటి మచ్చలు, సాధారణంగా మూడు నాలుగు అడుగుల పొడవు, నెమ్మదైన స్వభావం. ప్రపంచమంతటా దీన్ని పెంచుకోవడానికి కారణం అదే.

ఈ పాము అన్నిచోట్లా ఒకేలా నిద్రపోదు. ఉత్తరాన చలికాలం రాగానే చెట్ల మొద్దుల కిందికో రాతి పగుళ్ళలోకో వెళ్ళి నెలల తరబడి కదలదు. ఫ్లోరిడా దక్షిణాన మాత్రం జనవరిలోనూ ఎండ కాసిన రోజున బయటికి వస్తుంది. అంటే అది బతకడానికి నిద్ర తప్పనిసరి కాదు, వాతావరణం అడిగితే పడుకుంటుంది.

పామును శీతరక్త జంతువు అంటుంటాం. ఆ మాట నాకెప్పుడూ నచ్చలేదు. మే నెల మధ్యాహ్నం గట్టు మీద పాకే పాము రక్తం మన రక్తమంత వెచ్చగా ఉండగలదు. తేడా అంతా ఆ వెచ్చదనం ఎక్కడిదన్న దగ్గరే ఉంది. మనం తిన్న అన్నంలో పెద్ద భాగం ఒంటిని 37 డిగ్రీల దగ్గర నిలబెట్టడానికే ఖర్చవుతుంది. పాము ఆ వేడిని ఎండ నుంచి, నేల నుంచి ఉచితంగా తీసుకుంటుంది. అందుకే పది రోజులకొక ఎలుకతో దానికి గడిచిపోతుంది. చుట్టూ వేడి 10 డిగ్రీలు తగ్గితే దాని ఒంట్లో పనులన్నీ సగానికో మూడో వంతుకో మందగిస్తాయి. చలిదేశాల్లో కొన్ని క్షీరదాలు కొవ్వు దాచుకుని, దాన్ని కరిగించుకుంటూ గాఢనిద్రలో చలికాలం గడుపుతాయి. పాము తీరు వేరు. అది పూర్తిగా నిద్రపోదు, కాస్త వెచ్చబడితే కదులుతుంది, దాహమైతే లేచి నీళ్ళు తాగుతుంది. ఈ తేడాను చెప్పడానికే మేహ్యూ అనే అమెరికా శాస్త్రవేత్త 1965లో 'బ్రూమేషన్' అనే మాట వాడాడు.

మూడు రోజుల కిందటి ఎలుక సంగతి అడిగింది ఇందుకే. చలిలో పాము కడుపులోని జీర్ణరసాలు పనిచేయవు, కుళ్ళబెట్టే సూక్ష్మజీవులు మాత్రం ఆగిపోవు. తిన్నది కడుపులోనే మురిగిపోతుంది. అందుకే పాములను ఈనించే పెంపకందార్లు చల్లబరచడానికి కనీసం రెండు వారాల ముందే తిండి ఆపేస్తారు. కడుపు ఖాళీ అయ్యాక వేడిని కొద్దికొద్దిగా తగ్గిస్తారు, నీళ్ళు మాత్రం ఎప్పుడూ అందుబాటులో ఉంచుతారు. మళ్ళీ పైకి తెచ్చేటప్పుడూ అంతే నిదానం.

ఇంత తంటా ఎందుకంటే గుడ్ల కోసం. మామిడితోట ఉన్నవాళ్ళకు ఇది వేరే చెప్పనక్కరలేదు. పుష్యమాసపు చలి రాత్రులు పూతకు ఎంతో సాయం చేస్తాయి, చలి సరిగా పడని ఏడు రైతు ఆకాశం వైపు చూస్తాడు. పాముకూ చలి అలాంటి కబురే. ఆ చలి పోయి వేడెక్కితే వసంతం వచ్చిందని ఒంటికి తెలుస్తుంది, జత కట్టే కాలం మొదలవుతుంది. గుడ్లు అక్కరలేని ఒంటరి పెంపుడు పాముకు ఆ కబురుతో పనే లేదు. ఏడాది పొడవునా తింటూ హాయిగా పదిహేను, ఇరవై ఏళ్ళు బతుకుతుంది.

మరి మన పాముల సంగతి ఏమిటి? కార్తిక శుద్ధ చవితినాడు పుట్టల దగ్గర పాలు పోసి వస్తాం. పాముకు పాలు తిండి కాదన్నది వేరే విషయం. సరిగ్గా ఆ రోజుల్లోనే డెల్టాలో రాత్రులు చల్లబడడం మొదలవుతుంది, పుట్ట విలువ పెరుగుతుంది. లోతుకు వెళ్ళే కొద్దీ మట్టిలో వేడి హెచ్చుతగ్గులు తగ్గుతాయి కనుక పుట్ట రాత్రి వెచ్చగా, పగలు చల్లగా ఉంటుంది. సార్వా కోతలయ్యాక పొద్దున్నే పొలం వైపు వెళితే గట్టు మీద ఎండ కాగుతూ జెర్రిపోతు కనిపిస్తుంది. జనవరి రాత్రి ఇక్కడ 18, 20 డిగ్రీల దగ్గర ఆగుతుంది, పగలు 28 దాటుతుంది. అది నెలల తరబడి పడుకునే చలి కాదు. జెర్రిపోతు కాస్త బద్ధకిస్తుంది, ఆలస్యంగా లేస్తుంది, అంతే. దాన్ని చూసి ముచ్చటపడి ఇంటికి తెచ్చుకుందామనుకునేవారికి ఒక మాట: మన అడవిపాములను ఇంట్లో పెంచడం 1972 వన్యప్రాణి రక్షణ చట్టం ప్రకారం నేరం.

పెంపకం పుస్తకాల్లో ఎక్కువ భాగం చలిదేశాలవాళ్ళు రాసినవి. పెట్టెలో ఒక మూల 29 నుంచి 31 డిగ్రీలు, రెండో మూల 22 నుంచి 24 డిగ్రీలు ఉండాలంటాయి. ఎండ, నీడల మధ్య పాము తనకు కావలసింది తానే ఎంచుకుంటుంది. నియమం మంచిదే. ఆ వెచ్చని మూలను ఎలా సంపాదించాలో చెప్పడానికి మాత్రం ఆ పుస్తకాలు పేజీలకు పేజీలు ఖర్చు పెడతాయి. రాజమహేంద్రవరంలో ఏడాదిలో చాలా నెలలు వెచ్చని మూల ఉచితం. మనకు కొరవడింది చల్లని మూల.

కాబట్టి మేనల్లుడితో, డిసెంబరు గురించి కంగారు మాని మే గురించి ఇప్పుడే ఆలోచించమన్నాను. పెట్టెలో వేడి 35 దాటి గంటల తరబడి ఉంటే కార్న్ స్నేక్ అల్లాడిపోతుంది, 40కి చేరితే ప్రాణం మీదికే వస్తుంది. వడగాడ్పులు వీచే రోజుల్లో రాజమహేంద్రవరంలో నీడలోనే 40 దాటుతుంది. అద్దాల పెట్టె కిటికీ ఎండలో పడితే లోపల ఇంకా ఎక్కువ. ఆ వేళలో కరెంటు పోతే ఏమిటి దారి? తడిగోనె మన ఇళ్ళలో పాత ఉపాయం. పడమటి గాలి పొడిగా వీచే రాజమహేంద్రవరంలో అది బాగా పనిచేస్తుంది. అమలాపురం, కాకినాడ వైపు సముద్రపు తేమ ఎక్కువ, నీరు అంత తొందరగా ఆవిరి కాదు, కనుక గోనె తడిగా ఉన్నా చల్లదనం అంతగా రాదు. అక్కడ గడ్డకట్టిన నీళ్ళ సీసాను గుడ్డలో చుట్టి పెట్టె మూత మీద ఒక పక్కన ఉంచడమే మేలు. పెట్టెను నేలమీదికి దించి, ఉత్తరపు గదిలో పెట్టడం అన్నిటికన్నా సులువు.

తేమ ఇంకో తగువు. ఈ పాముకు 40 నుంచి 60 శాతం చాలు. వానాకాలంలో, తుపాను రోజుల్లో కోనసీమలో అంతకు మించే ఉంటుంది. తడి పరుపు మీద పడుకుంటే పొట్ట పొలుసులు పుండు పడతాయి, ఊపిరితిత్తులకు జబ్బు చేస్తుంది. నోరు తెరిచి ఊపిరి తీస్తున్నా, నోట నురగ కనిపించినా పశువైద్యుడి దగ్గరికి తీసుకువెళ్ళాలి. ఎన్నో దేశాల్లో పాముల కింద పరుపుగా కొబ్బరిపొట్టు వాడతారు. అది పుట్టిన గడ్డ మీద మాత్రం వానాకాలంలో బూజు పడుతుంది. పాత వార్తాపత్రికలే నయం.

మిగతా పని తక్కువే. పాము నడుము లావుకు మించని ఎలుక, తిన్నాక రెండు రోజులు ముట్టుకోకపోవడం, పట్టుకున్నాక చేతులు సబ్బుతో కడుక్కోవడం. కళ్ళు పాలమబ్బు కమ్మినట్టు తెల్లబడితే కుబుసం విడవబోతోందని అర్థం, అప్పుడు విసిగించకూడదు. కుబుసం తలనుంచి తోకదాకా ఒక్క ముక్కగా వస్తే సంరక్షణ బాగున్నట్టే.

మూతకు గొళ్ళెం మాత్రం మరవకూడదు. వేలెడంత సందు దొరికినా ఈ పాము మాయమవుతుంది. అమెరికాలో మచ్చలు చూసి దీన్ని విషపు కాపర్‌హెడ్ అనుకుని చంపేస్తుంటారు. మన వీధిలో ఎవరి కంటపడినా అది రక్తపింజరే, కర్ర వెతకడానికి క్షణం పట్టదు. బతికి బట్టకట్టినా మంచిది కాదు. కరీబియన్ దీవుల్లో కొన్నిచోట్ల ఇలా పరదేశం చేరిన కార్న్ స్నేకులు అక్కడే స్థిరపడిపోయాయి.

మొన్న మళ్ళీ ఫోను చేశాడు. పెట్టెను ఉత్తరపు గదికి మార్చాడట. ఫ్రిజ్జులో పై అర ఒకటి అడిగాడట, నీళ్ళ సీసాల కోసం. మా అక్క ఇంకా ఒప్పుకోలేదు.