మేటల్లో లెడ్-210: గడియారం సరే, ముల్లు ఎక్కడ తప్పుతోంది?

సరస్సు అడుగున మేట ఎంత వేగంగా పేరుకుందో లెక్కగట్టడానికి సీసపు రేడియోధార్మిక రూపమైన లెడ్-210 వాడతారు. దాని అర్ధాయువు (సగం క్షయించడానికి పట్టే కాలం) సుమారు 22 ఏళ్లు కాబట్టి గత వంద, నూటయాభై ఏళ్ల పొరలకు సరిపోతుంది. 1963లో గోల్డ్‌బర్గ్ మంచు పొరల కోసం ప్రతిపాదించిన ఈ పద్ధతిని 1971లో కృష్ణస్వామి, దేవేంద్ర లాల్ బృందం సరస్సు మేటలకు వర్తింపజేసింది. 1978లో ఆపిల్‌బీ, ఓల్డ్‌ఫీల్డ్ ఇచ్చిన గణిత నమూనాతో, మేట వేసే వేగం మారినా వయసు కట్టే వీలు కలిగింది.

ఆల్ఫా కణాలను లెక్కించే పద్ధతిలో కొలిచేది లెడ్-210ని కాదు, దాని క్షయంలో రెండో తరంగా పుట్టే మనవడు పొలోనియం-210ని. మధ్యలో పోయేదాన్ని పట్టడానికి తెలిసినంత పొలోనియం-209 కలిపి, ఆమ్లాల్లో కరిగించి, వెండి బిళ్ల మీదికి ఎక్కిస్తారు. గ్రాము లోపు మేట చాలు. పొలోనియం వేడికి ఆవిరవుతుంది. ముందే ఎక్కువ వేడిలో ఆరబెడితే పోయినదాన్ని తర్వాత కలిపిన పొలోనియం-209 పట్టించలేదు.

గామా కిరణాలను కొలిచే జర్మేనియం డిటెక్టర్లు వచ్చాక లెడ్-210ని నేరుగా 46.5 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల గీత (ఆ శక్తి ఉన్న గామా కిరణాల శిఖరం) దగ్గర చూడగలిగారు. కానీ వంద క్షయాల్లో నాలుగింటికే ఆ గామా వెలువడుతుంది. వచ్చినదాన్నీ నమూనాయే కొంత మింగేస్తుంది. ఇసుక ఎక్కువున్న పొర ఒకలా, ఇనుము ఎక్కువున్న పొర ఇంకోలా మింగుతాయి. 1983లో కట్‌షాల్, లార్సెన్, ఓల్సెన్ చూపిన ఉపాయం సులువైనది: డబ్బా మీద లెడ్-210 మూలాన్ని పెట్టి, ఖాళీగా ఒకసారి, నమూనాతో ఒకసారి లెక్కించాలి. మూలం కిరణాల్లో సగమే నమూనాను దాటివస్తే, నమూనా కౌంట్లను 1.39తో గుణించాలి. నమూనాను లోపలి గుంతలోకి దించే బావి ఆకారపు డిటెక్టర్‌లో మాత్రం ఇది కుదరదు. అక్కడ అదే కూర్పు, అదే ఎత్తు ఉన్న ప్రామాణిక నమూనాయే దిక్కు.

అసలు తలనొప్పి రేడియం-226. మేటలోని రేడియం క్షయించి అక్కడే పుట్టే లెడ్-210ని మొత్తంలోంచి తీసేసి, పైనుంచి రాలి చేరిన మిగులును (వయసు చెప్పేది అదే) తేల్చాలంటే రేడియం ఎంతో తెలియాలి. దాని సొంత 186 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల గీతలో యురేనియం-235 గీత కలిసిపోతుంది. అందుకే రేడియం క్షయ గొలుసులో తర్వాత వచ్చే లెడ్-214 వెలువరించే 295, 352 గీతలను నమ్ముతారు. ఆ రెంటి మధ్యలో ఉన్న రాడాన్-222 ఒక వాయువు, దాని అర్ధాయువు 3.82 రోజులు. డబ్బా మూసి మూడు వారాలు ఆగితే రాడాన్ రేడియంతో సమతుల్యతలో (పుట్టేదీ క్షయించేదీ సమమయ్యే స్థితిలో) 98 శాతం చేరుతుంది. పలచని ప్లాస్టిక్ గుండా రాడాన్ జారిపోతుంది. మందపు లోహపు డబ్బా అయితే 46.5 గీత సన్నగిల్లుతుంది. రాడాన్ కారితే రేడియం తక్కువగా తేలి, మిగులు లెడ్-210 ఎక్కువగా కనిపించి, అడుగు పొరలు ఉన్నదానికంటే పడుచుగా కనబడతాయి.

మూడు వారాల తర్వాత కౌంట్లు పెరగడం ఆగిందని సంబరపడకూడదు. కారే డబ్బాలోనూ అవి ఒకచోట నిలుస్తాయి, తక్కువ ఎత్తులో. అదే మేటను గాలి చొరని లోహపు డబ్బాలోనూ నింపి, ప్రతి డబ్బాకు దాని సొంత సామర్థ్య గుణకంతో (వెలువడిన కిరణాల్లో డిటెక్టర్ పట్టే వంతుతో) లెక్కగట్టి, రెండు ఫలితాలను పోల్చితేనే తేడా బయటపడుతుంది.