రాతప్రతిలో లేని పక్కవాద్యం

మధ్యయుగాల యూరప్ పాటను అరబ్ తంత్రీవాద్యాలైన ఊద్, కానూన్ పక్కన పెట్టుకుని పాడితే అది చరిత్ర అవుతుందా, కల్పన అవుతుందా? స్పెయిన్ వాద్యకారుడు జోర్డి సవాల్ నడిపే, పాత సంగీతం వినిపించే హెస్పెరియన్ 21 బృందం పేరు వచ్చినప్పుడల్లా లేచే ఈ వాదన మళ్లీ ముందుకొచ్చింది. యూరప్‌లో వలసల మీద రాజకీయం వేడెక్కినప్పుడల్లా ఇది సంగీతం గీత దాటిపోతుంది. ఒక పక్షానికి ఆ ఊద్ మధ్యయుగాల స్పెయిన్‌లో ముస్లింలు, క్రైస్తవులు, యూదులు కలిసి బతికారనడానికి గుర్తు. ఇంకో పక్షానికి అది ఇవాళ్టి మాటలను పాత పాట నోట పలికించడం.

స్పెయిన్‌లో ముస్లింల పాలన, 1492లో గ్రనడా పతనం, యూదుల బహిష్కరణ చాలామందికి తెలిసినవే. నా దృష్టిలో ఈ తగువు అక్కడ పుట్టలేదు. 1960లలో మ్యూనిక్‌లో, నలుగురు కళాకారుల మధ్య పుట్టింది.

ఆ బృందం పేరు స్టూడియో డేర్ ఫ్రూయెన్ ముజీక్. 1960లో మొదలైంది. దాన్ని నడిపిన థామస్ బింక్లీ అమెరికన్, లూట్ అనే యూరప్ తంత్రీవాద్యం వాయించేవాడు. గాయని ఆండ్రియా ఫాన్ రామ్ ఎస్తోనియాలో పుట్టిన మనిషి. వాళ్లు చేతికెత్తుకున్న వాటిలో ముఖ్యమైనది కార్మినా బురానా అనే పాత పాటల సంపుటి. ఆ పేరు వినగానే గుర్తొచ్చే భారీ బృందగానం జర్మన్ స్వరకర్త కార్ల్ ఓర్ఫ్ సొంతంగా కూర్చుకున్నది, తొలి ప్రదర్శన 1937లో. అసలు రాతప్రతి 13వ శతాబ్దానిది. 1803లో బవేరియాలోని బెనెడిక్ట్‌బోయెర్న్ మఠంలో బయటపడి, ఇప్పుడు మ్యూనిక్ గ్రంథాలయంలో ఉంది.

అందులో స్వరాలున్న ఒక పేజీని దగ్గరగా చూస్తే సమస్య అర్థమవుతుంది. లాటిన్ అక్షరాల పైన చీమ కాళ్లంత సన్నని గీతలు, కొక్కేలు కనిపిస్తాయి. ఇక్కడ గొంతు పైకి వెళ్లాలి, ఇక్కడ కిందికి దిగాలి అని మాత్రమే అవి చెబుతాయి. ఎంత పైకి, ఎంత కిందికి అన్నది చెప్పవు. అదే పాట వేరే ప్రతిలో స్పష్టంగా దొరికితేనే వరస తేలుతుంది. లయ లేదు. ఏ వాద్యం వాయించాలో ఒక్క మాట కూడా లేదు.

ఈ ఇబ్బంది మనకు కొత్త కాదు. అన్నమయ్య రాగిరేకుల మీద రాగం పేరుంది, స్వరం లేదు. మనం ఇప్పుడు పాడుకునే వరసల్లో చాలావరకు రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ, నేదునూరి కృష్ణమూర్తి వంటివారు 20వ శతాబ్దంలో కూర్చినవే. వాళ్లకు కనీసం రాగం పేరైనా దొరికింది, రాగం పాడే గొంతులు చుట్టూ ఉన్నాయి. బింక్లీకి ఆ రెండూ లేవు.

అందుకే ఆయన బతికున్న సంగీతం దగ్గరకు వెళ్లాడు. మొరాకోలోని ఆండలూసియన్ సంగీతాన్ని స్పెయిన్ నుంచి తరలివచ్చినవాళ్లు వెంట తెచ్చారని అక్కడివాళ్ల నమ్మకం. అక్కడ గాయకుడు నేరుగా పాట ఎత్తుకోడు. ముందు వాద్యం మన ఆలాపనలాగా స్వరాల దారి చూపిస్తుంది. పాట మొదలయ్యాక వాద్యాలన్నీ అదే వరసను ఎవరి తీరులో వాళ్లు నడుపుతాయి, చరణానికీ చరణానికీ మధ్య జవాబు చెబుతాయి. బింక్లీ ఈ పద్ధతిని తీసుకున్నాడు. 1964, 1967 నాటి కార్మినా బురానా రికార్డుల తర్వాత దక్షిణ ఫ్రాన్స్ మధ్యయుగపు వాగ్గేయకారులైన ట్రూబడూర్ కవుల పాటలకూ దాన్ని వాడాడు. దియా దొరసాని పాట వాటిలో ఒకటి. ఆ కాలపు కవయిత్రుల పాటల్లో స్వరంతో మిగిలింది అదొక్కటే. రాతప్రతిలో ఒక్క చరణానికే స్వరం ఉంది. ముందు, మధ్య, చివర వినిపించేదంతా బృందం కట్టుకున్నదే.

ఆధారం బొత్తిగా లేదనడం అన్యాయం. లూట్ అనే పేరే అరబ్బీ 'అల్ ఊద్' నుంచి వచ్చింది. 13వ శతాబ్దంలో అల్ఫోన్సో 10 రాజు కూర్పించిన మేరీమాత పాటల ప్రతి స్పెయిన్‌లోని ఎస్కోరియల్ మఠంలో ఉంది. అందులోని ఒక బొమ్మలో ముస్లిం, క్రైస్తవ వాద్యకారులిద్దరూ పక్కపక్కన కూర్చుని వాయిస్తుంటారు. బొమ్మ వరస చెప్పదని విమర్శకులంటారు, నిజమే. మొరాకో సంగీతం 500 ఏళ్లుగా మారలేదనుకోవడం తప్పన్న మాటకు ఇంకా బలముంది. మూడు తరాల్లో పాఠాంతరం ఎంత మారుతుందో మన విద్వాంసులకు తెలియనిది కాదు. అయితే బింక్లీ దేన్నీ దాచలేదు. తన పని పద్ధతిని 1977లో వివరంగా రాసిపెట్టాడు.

ఎదురుగాలి ఇంగ్లండ్ నుంచి వచ్చింది. 1980లో గోతిక్ వాయిసెస్ పెట్టిన క్రిస్టఫర్ పేజ్, ఫ్రెంచ్ పాటలను గొంతులతోనే పాడేవారని పాత గ్రంథాల సాక్ష్యంతో వాదించాడు. చాలా బృందాల్లో వాద్యాలు తగ్గిపోయాయి. కానీ ఆ వాదన బలమంతా 14, 15 శతాబ్దాల బహుస్వర పాటల మీద, అంటే ఒకేసారి వేర్వేరు వరసలు కలిసి నడిచే పాటల మీద ఉంది. దాన్ని తెచ్చి ఒకే వరస ఉండే స్పెయిన్ ఏకస్వర పాటల నెత్తిన పెట్టడం కుదరదు.

సవాల్, గాయని మోంట్సెరాట్ ఫిగెరాస్ మరికొందరితో కలిసి 1974లో హెస్పెరియన్ 20ని మొదలుపెట్టింది స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో. అప్పుడు బింక్లీ అదే ఊళ్లో పాఠాలు చెబుతున్నాడు. 2000లో ఆ పేరు హెస్పెరియన్ 21 అయింది. అసలు తేడా పేరులో లేదు. మ్యూనిక్ నలుగురిలో మొరాకో మనిషి ఒక్కరూ లేరు. సవాల్ వేదిక మీద ఊద్ వాయించే డ్రిస్ ఎల్ మలూమీ మొరాకో వాడు. సిరియా, టర్కీ విద్వాంసులు సొంత పేర్లతో, సొంత సంప్రదాయంతో వచ్చి కూర్చుంటారు. అరువు తెచ్చుకున్న శైలి అన్న నింద బింక్లీకి తగిలినంతగా సవాల్‌కు తగలకపోవడానికి కారణం ఇదే.

రాజకీయం ఉందన్న మాట మాత్రం అబద్ధం కాదు. సవాల్ దాన్ని దాచలేదు కూడా. సంస్కృతిని పట్టించుకోని ప్రభుత్వం నుంచి తీసుకోనంటూ 2014లో స్పెయిన్ జాతీయ సంగీత పురస్కారాన్ని, దానితో వచ్చే 30,000 యూరోలను వదులుకున్నాడు. 2016లో శరణార్థి కళాకారులతో ఓర్ఫియస్ 21 మొదలుపెట్టాడు.

ఆయన సొంత సంస్థ ఆలియా వోక్స్ 1998 నుంచి రికార్డులు తెస్తోంది. చాలావాటితో పాటు పలు భాషల్లో లావుపాటి పుస్తకాలూ వస్తాయి. ఈ వరస ఫలానా రాతప్రతిది, ఈ ఊద్ ఆలాపన ఎల్ మలూమీ మనోధర్మం అని అందులో పాట పాటకూ ఒక్కో వాక్యం ఉంటే వినేవాళ్లకు చాలు.