విశ్వవిద్యాలయానికి ముందు వేసవి ఆవాస శిబిరం: అపోహలు - వాస్తవాలు

తిరుపతిలో ఇంటర్మీడియెట్ విద్యార్థుల కోసం వేసవి సెలవుల్లో నడిచే ఆవాస శిబిరాల్లో, అంటే పిల్లలు అక్కడే ఉండి చదువుకునే శిబిరాల్లో, పాఠాలు చెబుతుంటాను. ఏప్రిల్ రాగానే తల్లిదండ్రులు అడిగే ప్రశ్నల వెనుక ఏటా దాదాపు అవే అపోహలు కనిపిస్తుంటాయి.

అపోహ: ఇది పేరు మార్చిన కోచింగే.

వాస్తవం: రెండేళ్ల ఇంటర్ సిలబస్‌ను మూడు నాలుగు వారాల్లో మళ్లీ చెప్పడం ఎవరి వల్లా కాదు, చెబుతామనేవారిని నమ్మవద్దు. గంట గంటకూ బెల్లు మోగే, స్టడీ అవర్‌లో తలమీద ఒకరు నిలబడే కాలేజీ నుంచి, తరగతి ముగిశాక ఏం చదివావని ఎవరూ అడగని విశ్వవిద్యాలయానికి వెళ్లే విద్యార్థికి నడుమ కొంత సాధన కావాలి. అందుకే మధ్యాహ్నం రెండు గంటలు వారికే వదిలేస్తాం. మొదట్లో చాలామంది ఆ సమయానికి మెటీరియల్ ఇవ్వమంటారు. ఇవ్వం. పాఠ్యపుస్తకంలో నాలుగు పేజీలు సొంతంగా చదివి, అర్థం కాని చోటును ప్రశ్నగా రాసి తెమ్మంటాం. "ఏమీ అర్థం కాలేదు సార్" అంటే దానికి జవాబు చెప్పలేం. "మూడో మెట్టులో ఈ రుణ గుర్తు ఎక్కడి నుంచి వచ్చింది సార్" అంటే చెప్పగలం. మొదటి మాట నుంచి రెండో మాటకు రావడానికి కొందరికి శిబిరంలో సగం రోజులు పడుతుంది. కాలేజీలో ఫస్ట్ ర్యాంకులు తెచ్చుకున్నవారికి ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడుతుంది.

అపోహ: తెలుగు మాధ్యమం పిల్లలు ఇక్కడ నెగ్గుకురాలేరు.

వాస్తవం: జేఈఈ మెయిన్, నీట్, కేంద్రీయ విశ్వవిద్యాలయాల ప్రవేశ పరీక్ష సీయూఈటీ ప్రశ్నపత్రాలను తెలుగులోనూ ఎంచుకోవచ్చు, జేఈఈ అడ్వాన్స్‌డ్ మాత్రం ఇంగ్లిష్, హిందీలలోనే ఉంటుంది. సీటు వచ్చాక పాఠాలు ఎలాగూ ఇంగ్లిష్‌లోనే కాబట్టి భాష సమస్య లేదని నేను అనను. అయితే పిల్లలు తడబడేది సాంకేతిక పదాల దగ్గర కాదు, రెండు మూడు షరతులను ఒకే వాక్యంలో ఇరికించిన లెక్కల దగ్గర. అలాంటి లెక్కను ఇంగ్లిష్‌లో చదివి, సూత్రం జోలికి పోకుండా ముందు పటం గీసి, ఏమిచ్చారో ఏమడిగారో తెలుగులో చెప్పమంటాం. కుప్పం వైపు నుంచి, సత్యవేడు వైపు నుంచి వచ్చే పిల్లలు తెలుగుతో పాటు కన్నడమో తమిళమో మాట్లాడుతూ పెరిగినవారు. ఇంకో భాష అంటే వారికి బెరుకు తక్కువని నాకనిపిస్తుంది.

అపోహ: ఇంజినీరింగో మెడిసినో రాకపోతే ఇక విశ్వవిద్యాలయం మాటే లేదు.

వాస్తవం: 1954లో స్థాపించిన శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం, 1983లో వచ్చిన శ్రీ పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం, 2020లో కేంద్రీయ హోదా పొందిన జాతీయ సంస్కృత విశ్వవిద్యాలయం, మూడూ తిరుపతిలోనే ఉన్నాయి. ఏర్పేడు దగ్గర ఐఐటీ ఉందని అందరికీ తెలుసు. అక్కడే ఉన్న కేంద్ర ప్రభుత్వ విజ్ఞాన విద్యా సంస్థ ఐసర్‌లో మౌలిక శాస్త్రాలు చదవడానికి ఐఏటీ అనే వేరే పరీక్ష రాయాలని చాలామందికి దరఖాస్తు గడువు దాటాకే తెలుస్తోంది.

ఆడపిల్లలను హాస్టల్లో ఎలా ఉంచాలన్న సందేహం గురించి ఎక్కువ చెప్పను. ఇంటి మీద బెంగ సాధారణంగా మొదటి కొన్ని రాత్రులే, అది మగపిల్లలకూ ఉంటుంది.

అపోహ: సర్టిఫికెట్ల సంగతి సీటు వచ్చాక చూసుకోవచ్చు.

వాస్తవం: శిబిరంలో ఒక పూట దీనికే కేటాయిస్తాం. రాష్ట్రంలో తీసుకున్న బీసీ కుల ధ్రువీకరణ పత్రం చేతిలో ఉంటే చాలనుకుంటారు కానీ, ఐఐటీల ప్రవేశాల్లో కేంద్ర జాబితా ప్రకారం ఇచ్చిన ఓబీసీ నాన్ క్రీమీలేయర్ పత్రం (కుటుంబం సంపన్న శ్రేణి కిందికి రాదని చెప్పేది), అదీ ఆ ఏడాది ఏప్రిల్ 1న గానీ ఆ తర్వాత గానీ తీసుకున్నది అడుగుతారు. రాష్ట్రంలోని ప్రవేశాల్లో స్థానికత నిరూపణకు ఆరో తరగతి నుంచి ఇంటర్ దాకా స్టడీ సర్టిఫికెట్లు కావాలి. నడుమ బడి మారినవారు సెలవుల్లోనే ఆ పాత బడుల జాడ తీయడం మేలు. పేర్ల తంటా వేరు. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పూర్తిగా, ఆధార్‌లో పొడి అక్షరంగా ఉన్న పిల్లలు ప్రతి బ్యాచ్‌లోనూ కనిపిస్తారు. మెమోను ఆధారంగా చూపి ఆధార్‌ను సరిచేయించుకోవడమే తేలిక.

ఏ శిబిరంలోనైనా చేర్చే ముందు, సీటు గ్యారంటీ ఉందా అని కాకుండా, రోజుకు ఎన్ని గంటలు పాఠం చెబుతారు, ఎన్ని గంటలు పిల్లలను సొంతంగా చదవనిస్తారు, రాత్రి వార్డెన్ అక్కడే ఉంటారా, ఒంట్లో బాగోలేకపోతే ఏ ఆసుపత్రికి తీసుకెళ్తారు అని అడగండి.